ఇల్లు ఒకరికిచ్చాం, లోపల ఇంకొకరున్నారు: ఓనరు ముందున్న దారులు

కూకట్‌పల్లిలో ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉందనుకుందాం. ఓనరు ఉండేది కరీంనగర్‌లో. రెండేళ్ళ కింద ఒక ఐటీ ఉద్యోగి కుటుంబానికి నెలకు 22,000 అద్దెకిచ్చారు. ప్రతి నెలా ఐదో తారీఖులోపు ఫోన్‌పేలో డబ్బు పడుతోంది కాబట్టి అటువైపు చూసే పని పడలేదు. ఒకరోజు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేసి, "మీ ఫ్లాట్‌లో అయిదుగురు కుర్రాళ్ళు ఉంటున్నారు సార్, మీకు తెలిసే ఇచ్చారా?" అని అడిగాడు. ఓనరు బస్సెక్కి వచ్చి తలుపు కొట్టారు. తీసిన అబ్బాయి మొహం ఆయన ఎన్నడూ చూడలేదు. "మేం ఫలానా అన్న దగ్గర తీసుకున్నామండీ, నెలనెలా ఆయనకే కడుతున్నాం, యాభై వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాం" అన్నాడా అబ్బాయి. ఆ 'అన్న' బెంగళూరులో వేరే ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది.

ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు మూడు సలహాలిస్తారు. వాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు తాళం మార్చెయ్యండి. కరెంటు, నీళ్ళు ఆపించండి, రెండ్రోజుల్లో వాళ్ళే పోతారు. ఎస్సైతో ఒక మాట చెప్పిద్దాం. ఈ మూడింట్లో ఏది చేసినా అంతవరకూ న్యాయం తన పక్షాన ఉన్న ఓనరు కోర్టులో ప్రతివాదిగా నిలబడాల్సి వస్తుంది. అందుకే లోపలున్నవాళ్ళని ఎలా పంపాలో ఆలోచించేముందు, చట్టం కళ్ళకు వాళ్ళెవరో తేల్చుకోవాలి. వేయాల్సిన కేసు, కట్టాల్సిన ఫీజు, పట్టే కాలం అన్నీ దానిమీదే ఆధారపడతాయి. చాలామంది ఓనర్లు గమనించని సంగతి ఇంకొకటుంది. లోపలున్న మనిషి ఎవరన్నది కొంతవరకు ఓనరు చేతల్ని బట్టి కూడా మారిపోతుంది.

లోపలున్నది ఎవరు?

కిరాయిదారు ఇంట్లో కనిపించే ప్రతి కొత్త మొహం అక్రమం కాదు. ఊరి నుంచి వచ్చి మూడు నెలలున్న అమ్మానాన్నలు, కాన్పుకొచ్చిన చెల్లెలు, కోచింగ్ కోసం వచ్చిన బావమరిది, వీళ్ళంతా కిరాయిదారు మనుషులే. ఇల్లు ఇంకా కిరాయిదారు చేతిలోనే ఉంది, తాళం ఆయన దగ్గరే ఉంది, ఆయన అక్కడే ఉంటున్నాడు. కొందరు ఓనర్లు అగ్రిమెంట్‌లో "చుట్టాలు మూడు రోజులకు మించి ఉండరాదు" అని రాయించుకుంటారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. అద్దె కట్టిన మనిషికి తన ఇంట్లో తన వాళ్ళని పెట్టుకునే హక్కు ఉండాలి.

సబ్‌లీజు అనాలంటే రెండు విషయాలు కుదరాలి. కిరాయిదారు ఇంటిని, లేదా ఒక గదినైనా, పూర్తిగా ఇంకొకరి చేతిలో పెట్టి తను తప్పుకోవాలి. అందుకు డబ్బో మరో ప్రతిఫలమో పుచ్చుకోవాలి. ఈ డబ్బు సంగతి రుజువు చేయడమే కష్టం. ఎవరూ రసీదులిచ్చి సబ్‌లీజు చేయరు, అడిగితే "మా తమ్ముడండీ, ఊరికే ఉంటున్నాడు" అంటారు. సుప్రీంకోర్టు 1998లో భారత్ సేల్స్ కేసులో ఈ ఇబ్బందిని గుర్తించింది. సబ్‌లీజు ఓనరు కంట పడకుండా జరిగే వ్యవహారం కాబట్టి, మూడో మనిషి ఆ ఇంట్లో సొంతంగా, పూర్తి స్వాధీనంలో ఉన్నాడని చూపిస్తే డబ్బు చేతులు మారిందని కోర్టు అనుకోవచ్చని చెప్పింది. ఆ తర్వాత అలా కాదని నిరూపించుకోవాల్సిన భారం కిరాయిదారుదే. మన కూకట్‌పల్లి కథలో ఆ రుజువు తేలిక. కిరాయిదారు బెంగళూరులో ఉన్నాడు, ఫ్లాట్ తాళాలు కుర్రాళ్ళ దగ్గరున్నాయి.

ఒక్కరి విషయంలో మాత్రం ఓనర్లు కాస్త ఆగి ఆలోచించాలి. భర్త పేరు మీద అగ్రిమెంట్ ఉంటుంది. గొడవపడి అతను వెళ్ళిపోతాడు. పిల్లలతో భార్య ఆ ఇంట్లోనే మిగిలిపోతుంది. అతను ఓనరుకు ఫోన్ చేసి "నాకా ఇంటితో సంబంధం లేదు, ఖాళీ చేయించుకోండి" అంటాడు. ఇప్పుడామె అక్రమంగా ఉన్నట్టా? కాదు. బి.పి. అచలా ఆనంద్ కేసులో 2005లో సుప్రీంకోర్టు, భర్త వదిలేసిన భార్య ఆ అద్దె ఇంట్లో ఉంటున్నప్పుడు, ఖాళీ చేయించే దావాలో భర్తకున్న వాదనలన్నీ తనూ వినిపించవచ్చని చెప్పింది. గృహహింస చట్టం కూడా అద్దె ఇంటిని కాపురమున్న ఇంటిగానే లెక్కేస్తుంది. కిరాయిదారు చనిపోయి కుటుంబం మిగిలినా అంతే, వాళ్ళు వారసులు. వాళ్ళతో కొత్తగా అగ్రిమెంట్ రాసుకోవడమే మంచి దారి.

ఇక వాచ్‌మన్, కేర్‌టేకర్, "కొన్నాళ్ళు ఉండండి" అని ఊళ్ళో ఇల్లు అప్పజెప్పిన బంధువు. వీళ్ళు అద్దె కట్టరు, ఓనరు అనుమతి మీద ఉంటారు. చట్టం వాళ్ళని లైసెన్సీలు అంటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్న మనవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే తగాదా ఇదే. పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదే అయిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్ళున్నా హక్కు పుట్టదు. గోవాకు చెందిన మరియా మార్గరీదా కేసులో తోబుట్టువు ఇంట్లో సోదరుడు ఏళ్ళ తరబడి ఉండి హక్కు అడిగితే, కేర్‌టేకరైనా, వాచ్‌మనైనా, పనిమనిషైనా ఎంతకాలమున్నా ఆస్తిలో హక్కు రాదని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కిరాయిదారుకైనా అంతే, తనను ఇంట్లో పెట్టిన ఓనరు హక్కును కిరాయి సాగినన్నాళ్ళు అతను కాదనలేడు. అయితే ఆ పన్నెండేళ్ళ లెక్క మొత్తంగా అబద్ధమూ కాదు. లిమిటేషన్ చట్టం ప్రకారం కిరాయిదారీ రద్దయిన రోజు నుంచి 12 ఏళ్ళలోపు ఓనరు దావా వేయాలి. నోటీసిచ్చి ఊరుకుని, పుష్కరం తర్వాత మేలుకుంటే దారి మూసుకుపోతుంది.

చివరి రకం అసలైన చొరబాటు. ఖాళీగా ఉన్న ఫ్లాట్ తాళం పగలగొట్టి దూరినవాళ్ళు. అందరికన్నా భయపెట్టేది ఇదే కానీ, మొదటి రోజుల్లోనే కదిలితే పోలీసులు నిజంగా సాయపడగలిగేది కూడా ఇక్కడే. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద ఇది నేరం. కొత్త సామాను ఇంకా దిగుతుండగా 112కు ఫోన్ చేయడానికీ, మూడు నెలల తర్వాత ఫిర్యాదు ఇవ్వడానికీ చాలా తేడా ఉంది. అప్పటికి వాళ్ళ పేరు మీద గ్యాస్ బుక్కు, ఆధార్‌లో చిరునామా, పిల్లల స్కూలు అడ్మిషన్ వచ్చేసి ఉంటాయి. వాటిని చూసి "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి" అని స్టేషన్‌లో అంటారు. చాలాసార్లు అది తప్పించుకునే మాట కాదు, చట్టం చెప్పే మాటే.

తాళం, కరెంటు, పోలీసు

ఒక మనిషి ఇంట్లో స్థిరపడ్డాక, అతని కాగితాలు సరైనవి కాకపోయినా సరే, కోర్టు ద్వారా తప్ప పంపకూడదన్నది మన న్యాయస్థానాలు గట్టిగా పట్టుకున్న సూత్రం. 1989లో కృష్ణా రామ్ మహాలే కేసులో, 2003లో రామే గౌడ కేసులో సుప్రీంకోర్టు దీన్నే మళ్ళీ మళ్ళీ చెప్పింది. దీనికి కోరలిచ్చేది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 6వ సెక్షన్. బలవంతంగా బయటికి నెట్టబడినవాడు ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లెవరిదన్న ప్రశ్నే లేకుండా కోర్టు అతన్ని తిరిగి లోపల కూర్చోబెట్టగలదు. ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. ఓనరు ఆవేశంగా మార్చిన తాళం, ఆయన్నే ప్రతివాదిని చేసి, అవతలివాడి చేతిలో కోర్టు ఉత్తర్వు పెడుతుంది. అంతకుముందు అతని దగ్గర అలాంటి కాగితమే లేదు.

కరెంటు, నీళ్ళు ఆపడం కూడా ఇంతే. 1960 అద్దె నియంత్రణ చట్టంలోనే కిరాయిదారు వాడుకునే వసతులు ఓనరు ఆపకూడదని ఉంది. కరెంటు కనీస అవసరమని, ఓనరు ఎన్ఓసీ ఇవ్వలేదన్న సాకుతో కిరాయిదారుకు కనెక్షన్ నిరాకరించకూడదని 2022లో దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్నప్పుడు మోటారు ఆపేయడం న్యాయపరంగానే కాదు, మనిషిగా కూడా చేయదగ్గ పని కాదు. కోర్టులో జడ్జి ముందు ఆ ఒక్క ఫోటో చాలు, ఓనరు మీదున్న సానుభూతి అంతా పోతుంది.

ఎస్సైతో చెప్పించడం పైకి తేలికగా కనిపిస్తుంది. కానీ కోర్టు ఉత్తర్వు లేకుండా ఇల్లు ఖాళీ చేయించే అధికారం స్టేషన్‌కు లేదు. భయపడి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు, వెళ్ళనివాళ్ళు హైకోర్టులో రిట్ వేస్తారు.

ఫోన్‌పేలో పడిన ఆ ఒక్క అద్దె

కథ మళ్ళీ కూకట్‌పల్లికి. సంగతి తెలిసిన నెలాఖరుకు ఓనరు ఫోన్‌లో ఒక మెసేజ్ వస్తుంది. 22,000 జమ. పంపింది బెంగళూరు కిరాయిదారు కాదు, తలుపు తీసిన ఆ అబ్బాయి. మర్యాదగా వాట్సాప్‌లో ఒక వాక్యం కూడా పెట్టాడు: "అంకుల్, ఇకనుంచి మీకే డైరెక్టుగా పంపిస్తాం." ఓనరుకు కాస్త ఊరట కలుగుతుంది. డబ్బైతే వస్తోంది కదా, మెల్లగా చూద్దాంలే అనుకుంటారు. ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ క్షణమే.

ఆ అబ్బాయి నుంచి నెలనెలా అద్దె తీసుకుంటే, ఓనరు తన చేతులతో అతన్ని కిరాయిదారును చేస్తున్నట్టు. ఆ తర్వాత "వీడెవడో నాకు తెలియదు" అంటే ఏ కోర్టూ నమ్మదు. ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది. షరతు తప్పినందుకు లీజు రద్దు చేసే హక్కు ఓనరుకు వచ్చాక, ఆ సంగతి తెలిసి కూడా తర్వాతి అద్దె పుచ్చుకుంటే, ఆ తప్పును మన్నించినట్టే. 113వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయమన్న నోటీసు గడువు ముగిశాక అద్దె తీసుకున్నా నోటీసు వదులుకున్నట్టు వాదించే వీలుంటుంది.

అలాగని డబ్బు రాకుండా ఎలా? అసలు కిరాయిదారు పంపితే తీసుకోవచ్చు, అయితే అదే రోజు రాతపూర్వకంగా చెప్పాలి: "మీరు ఇల్లు వేరేవాళ్ళకిచ్చిన సంగతి నాకు తెలిసింది, దానికి నేను ఒప్పుకోలేదు. ఈ మొత్తాన్ని నా హక్కులేవీ వదులుకోకుండా, మీ బాకీ కింద మాత్రమే జమ చేసుకుంటున్నాను." కొత్తవాళ్ళు పంపితే వెంటనే వెనక్కి పంపి, ఎందుకు పంపుతున్నారో మెసేజ్ పెట్టాలి. దావా వేసిన తర్వాత మాత్రం చింత లేదు. ఓనరు దావా వేశాక తీసుకున్న అద్దె మన్నింపు కిందికి రాదని 112వ సెక్షనే చెబుతోంది.

ఏ చట్టం కింద?

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. "రెంట్ కంట్రోల్ యాక్ట్" అనే మాట అందరికీ తెలుసు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం అది, తెలంగాణకు కూడా కొనసాగింది. దాని 10వ సెక్షన్‌లో, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజుకిస్తే ఖాళీ చేయించవచ్చని స్పష్టంగా ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1945 అక్టోబర్ 23 తర్వాత, తెలంగాణ ప్రాంతానికి ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సర లెక్క) 1353 నాటి హైదరాబాద్ హౌస్ రెంట్ కంట్రోల్ ఆర్డర్ తర్వాత ఇచ్చిన సబ్‌లీజులని అందులో రాసి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఇళ్ళ కరువులో, నిజాం పాలనలో పుట్టిన నియమం ఇంకా ఆ వాక్యంలో బతికే ఉంది.

కానీ ఈ చట్టం కూకట్‌పల్లి ఫ్లాట్‌కు వర్తించదు. 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటిన అద్దె భవనాలన్నీ దాని బయటికి వెళ్ళిపోయాయి. కొత్తగా కట్టిన భవనాలకు 15 ఏళ్ళ మినహాయింపు వేరే. ఈ రోజు హైదరాబాదులో 3,500లోపు అద్దె ఎక్కడుంది? బేగంబజార్, సుల్తాన్‌బజార్‌ లాంటి చోట్ల తాతల కాలం నుంచి నడుస్తున్న మల్గీలు (దుకాణపు గదులు), పాతబస్తీలో కొన్ని పాత ఇళ్ళు. మిగతా ఊరంతా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందే ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో వేరుగా కొత్త అద్దె చట్టం చేసింది కాబట్టి విజయవాడలోనో విశాఖలోనో ఇల్లున్నవాళ్ళు తమ కేసు ఏ వేదిక ముందుకు వెళ్ళాలో అక్కడి న్యాయవాదిని అడిగి అడుగు వేయాలి. నేనిప్పుడు చెప్పబోయేది ముఖ్యంగా తెలంగాణ సంగతి.

ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చదివితే ఓనర్లు ఉలిక్కిపడతారు. ఒప్పందంలో వద్దని రాసుకోకపోతే, కిరాయిదారు తన హక్కును సబ్‌లీజుకు ఇవ్వవచ్చు. అంటే అద్దె నియంత్రణ చట్టానికి సరిగ్గా తలకిందులు. అక్కడ అనుమతి ఉంటేనే సబ్‌లీజు, ఇక్కడ నిషేధం ఉంటేనే ఆగుతుంది. "మా అగ్రిమెంట్‌లో సబ్‌లెట్ చేయకూడదని ఉంది కదా" అంటారా? ఆ అగ్రిమెంట్ ఎలాంటిది? వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలలకు టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించినదే అయ్యుంటుంది. దేశంలో చాలాచోట్ల ఏడాదిలోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఈ 11 నెలల అలవాటు వచ్చింది. కానీ మన ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, కాలంతో పనిలేకుండా స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. ఆ లెక్కన నోటరీ అగ్రిమెంట్ రిజిస్టర్ కాని లీజు. అందులోని షరతుల్ని కోర్టులో రుజువుగా వాడుకోవడం కష్టం. ఇంట్లో ఉన్నది కిరాయిదారుగానే అని చూపించడానికి పనికొస్తుంది, "సబ్‌లెట్ నిషేధం" అన్న షరతును అమలు చేయించుకోవడానికి పనికి రాకపోవచ్చు.

ఇంతవరకూ చదివి నీరసపడక్కర్లేదు. ఓనరుకు ఉన్న బలమైన దారి కూడా ఈ లోపంలోంచే వస్తుంది. రిజిస్టర్ కాని లీజు చట్టం ముందు నెలనెలా సాగే కిరాయిగా మారిపోతుంది. 2016లో పార్క్ స్ట్రీట్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నెలవారీ కిరాయిని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. కారణం చూపించనక్కర్లేదు. సబ్‌లీజు జరిగిందని, డబ్బు చేతులు మారిందని, షరతు తప్పారని ఏదీ నిరూపించనక్కర్లేదు. అయినా చాలామంది ఓనర్లు నోటీసులో సబ్‌లీజు గురించి మూడు పేజీలు రాయించి, ఆ ఆరోపణ రుజువు చేయలేక ఏళ్ళు పోగొట్టుకుంటారు. వాస్తవం ఒక పేరాలో చెప్పి, నోటీసును కిరాయిదారీ ముగింపు మీదే నిలబెట్టడం మేలు.

ఆ నోటీసు ఎలా ఉండాలో కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాతలో ఉండాలి, ఓనరుగానీ ఆయన తరఫు న్యాయవాదిగానీ సంతకం చేయాలి. ఇల్లు ఏదో స్పష్టంగా ఉండాలి: ఫ్లాట్ నంబరు, అంతస్తు, అపార్ట్‌మెంట్ పేరు, పార్కింగ్ ఉంటే అది కూడా. "ఈ నోటీసు అందిన 15 రోజులు ముగియగానే మీ కిరాయిదారీ రద్దవుతుంది, ఖాళీ చేసి స్వాధీనం అప్పగించండి" అన్న మాట సందేహం లేకుండా ఉండాలి. 2002 సవరణ తర్వాత గడువు నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. నెలాఖరుతో ముగియాలన్న పాత నియమం పోయింది, గడువులో ఒకటి రెండు రోజులు తగ్గినా, అసలు గడువు దాటాక దావా వేస్తే నోటీసు చెల్లకుండా పోదు. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఫ్లాట్ చిరునామాకు ఒకటి, కిరాయిదారు ఆధార్‌లో ఉన్న సొంతూరి చిరునామాకు ఒకటి, తెలిస్తే బెంగళూరు చిరునామాకు ఇంకొకటి పంపాలి. నోటీసు అందజేయడానికి వీలు పడకపోతే ఇంటి మీద కనిపించేచోట అంటించవచ్చని సెక్షన్‌లోనే ఉంది. అంటించినప్పుడు ఫోటో తీసి, ఇద్దరు పొరుగువాళ్ళని సాక్షులుగా పెట్టుకోవాలి. లోపలున్న కుర్రాళ్ళకు నకలు పంపితే మంచిదే, కానీ అందులో వాళ్ళని "కిరాయిదారులు" అని సంబోధించకూడదు.

ఇంకో ఉచ్చు ఉంది. పాత కిరాయిదారు ఫోన్లో "సార్, నేను వదిలేశానని రాసిస్తా, మీరు వాళ్ళతో చూసుకోండి" అంటాడు. అది వినడానికి సులువుగా ఉంటుంది. కానీ 115వ సెక్షన్ ప్రకారం కిరాయిదారు తనంతట తాను లీజు వదులుకుంటే, అతను అంతకుముందు సక్రమంగా ఇచ్చిన సబ్‌లీజు చెక్కుచెదరదు. అద్దె నేరుగా ఓనరుకు కడుతూ సబ్‌టెనెంట్ (సబ్‌లీజు మీద ఉన్నవాడు) కొనసాగవచ్చు. సబ్‌లీజు నిషేధాన్ని రుజువు చేసుకోలేని ఓనరుకు ఇది నిజమైన ప్రమాదం. కాబట్టి ఆ కాగితం కన్నా ముందు 106 నోటీసు వెళ్ళాలి.

రిజిస్టర్ అయిన మూడేళ్ళ లీజు ఉంటే లెక్క వేరు. మధ్యలో 15 రోజుల నోటీసు పనిచేయదు. సబ్‌లెట్ చేస్తే లీజు రద్దు చేసి ఇల్లు తిరిగి తీసుకోవచ్చన్న షరతు అందులో ఉండాలి. ఉంటే, తప్పు సరిదిద్దుకోమని గడువివ్వాల్సిన పని కూడా లేదు. 114ఏ సెక్షన్ సబ్‌లీజు నిషేధాన్ని ఆ నియమం నుంచి మినహాయించింది.

కోర్టులో

నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టులో దావా. దానికన్నా ముందే, నోటీసు పంపిన రోజుల్లోనే, కేవియట్ (నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందుగా ఇచ్చే దరఖాస్తు) వేసుకోవడం మంచిది. నోటీసు అందగానే లోపలివాళ్ళు కోర్టుకెళ్ళి, ఓనరు మాట వినకుండానే ఇంజంక్షన్ తెచ్చుకోవడం మామూలే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద వేసిన కేవియట్ 90 రోజులు ఉంటుంది, ఆ లోపు ఓనరుకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వరు.

ఇక ఫీజు. కిరాయిదారుని ఖాళీ చేయించే దావాకు కోర్టు ఫీజు ఏడాది అద్దె మీద కడతారు. మన ఫ్లాట్‌కు అది 2,64,000 మీద. లోపలున్నవాడు కిరాయిదారు కాదు, ఎవరో ఆక్రమించారని హక్కు ఆధారంగా దావా వేస్తే ఫీజు ఆస్తి మార్కెట్ విలువను బట్టి లెక్కిస్తారు. ఫ్లాట్ ధర ఏ 80 లక్షలో ఉంటే తేడా మీరే ఊహించుకోండి. ఫీజొక్కటే కాదు, ఇంటి హక్కు పత్రాలన్నీ మళ్ళీ నిరూపించే పని కూడా పడుతుంది. కాబట్టి "వాళ్ళు ఆక్రమణదారులు" అని కోపంగా రాసేముందు, అసలు కిరాయిదారు ద్వారా వచ్చినవాళ్ళుగా చూపిస్తే ఎంత మేలో న్యాయవాదితో మాట్లాడాలి.

దావాలో సబ్‌టెనెంట్‌ని చేర్చాలా? చేర్చకపోయినా అసలు కిరాయిదారు మీద వచ్చిన డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) అతనికీ వర్తిస్తుందని 1964లోనే రూప్‌చంద్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పేర్లు తెలిసినవాళ్ళని చేర్చడమే నయమని నా అభిప్రాయం. చేర్చకపోతే, డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా తలుపు దగ్గరికి వచ్చిన రోజున లోపలివాడు "ఆ కిరాయిదారుతో నాకు సంబంధమే లేదు, నేను వేరుగా ఉంటున్నా" అని అడ్డుపడతాడు. ఆర్డర్ 21 రూల్ 97 కింద దాని మీద మళ్ళీ విచారణ. గెలిచిన కేసులు ఏళ్ళకేళ్ళు ఆగిపోయేది ఇక్కడే. డిక్రీ అమలు కోసం వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ)ను ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ ఎస్. షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ న్యాయవాది ఆ తీర్పును ఈపీ వేసిన మొదటి వాయిదాలోనే కోర్టు దృష్టికి తేవాలి.

దావాలో స్వాధీనంతోపాటు మీన్ ప్రాఫిట్స్ కూడా అడగాలి. కిరాయిదారీ రద్దయ్యాక ఉన్న కాలానికి కట్టాల్సిన పరిహారం అది. పాత అద్దె లెక్కన కాదు, ఆ ప్రాంతంలో ఇప్పుడు పలికే అద్దె లెక్కన అడగవచ్చు. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాట్ 28,000కు పోతోందని రుజువులు పెడితే, కేసు లాగే కొద్దీ అవతలివాళ్ళకే భారం పెరుగుతుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా కఠినంగా ఉంది, గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, తర్వాత నాలుగు రెట్లు. కానీ నమూనా చట్టం దానంతటది అమలు కాదు, రాష్ట్రం చట్టంగా చేసుకోవాలి.

ఇంత చెప్పాక కూడా, ఆ కుర్రాళ్ళతో కూర్చుని మాట్లాడటమే మొదట చేయాల్సిన పని అని నేను నమ్ముతాను. యాభై వేలు అడ్వాన్సు కట్టి మోసపోయింది వాళ్ళు కూడా. చాలాసార్లు వాళ్ళకు కావాల్సింది రెండు నెలల గడువు, లేదా బెంగళూరు 'అన్న' నుంచి ఆ అడ్వాన్సు రాబట్టుకునే దారి. ఓనరు దగ్గర అసలు కిరాయిదారు అడ్వాన్సు ఎలాగూ ఉంటుంది. ముగ్గురూ ఒప్పుకుంటే అందులోంచే వాళ్ళకు సర్దవచ్చు. అయితే ఒప్పందం నోటి మాటగా వదిలేయకూడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు పెట్టి, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని లోక్ అదాలత్‌లో రాయించుకుంటే, ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకున్న విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే కొత్త దావా అక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్ళవచ్చు.

ఖాళీ చేసే రోజున తాళాలు తీసుకుని పంపేస్తే సరిపోదు. స్వాధీనం అప్పగించినట్టు, ఇంట్లో తమ సామాను ఏదీ మిగల్లేదన్నట్టు, ఉన్నవాళ్ళందరి సంతకాలతో ఒక కాగితం రాయించాలి. కరెంటు మీటరు రీడింగు అందులో వేయాలి. ఆ చిరునామా మీద తీసుకున్న గ్యాస్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఉంటే మార్చుకోమని చెప్పాలి. తర్వాత వచ్చే కిరాయిదారు లీజును రిజిస్టర్ చేయించాలి. "ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని గానీ, అందులో ఏ భాగాన్ని గానీ ఇతరులకు ఇవ్వరాదు, ఇస్తే లీజు రద్దు చేసి స్వాధీనం తీసుకునే హక్కు ఓనరుకు ఉంటుంది" అన్న వాక్యం, ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళ పేర్లు అందులో ఉండాలి. పోలీసు స్టేషన్‌లో కిరాయిదారు వివరాలు ఇవ్వాలి. ఆరు నెలలకోసారి, ముందు రోజు చెప్పి, ఇల్లు చూసి రావాలి.